ఒక్క రోజు ఆయుష్షున్న కవిత

చదవగానే అర్థమయ్యే కవిత్వమంటే మన సాహిత్య సభల్లో కొంత చిన్నచూపు ఉంది. వెంటనే తెలిసిపోయే మాటలో లోతేముంటుందని పెద్దల ప్రశ్న. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు అలిశెట్టి ప్రభాకర్ గుర్తుకు వస్తారు.

1954 జనవరి 12న జగిత్యాలలో పుట్టిన ప్రభాకర్ మొదట చిత్రకారుడు, తరువాత ఫొటోగ్రాఫరు, కవి. జగిత్యాలలో 'పూర్ణిమ', కరీంనగర్‌లో 'శిల్పి', హైదరాబాదులో 'చిత్రలేఖ' - ఇవి పొట్టకూటికి ఆయన నడిపిన స్టూడియోలు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' శీర్షికన ఆయన రాసిన చిన్న కవితలు జంటనగరాల మామూలు మనుషులను చేరాయి.

దినపత్రికలో అచ్చయిన కవితకు ఆయుష్షు ఒక్క రోజు. పొద్దున చాయ్ పక్కనున్న కాగితం సాయంత్రానికి మిర్చి బజ్జీల కిందికి చేరుతుంది. ఈలోగా అది ఎవరి కంటనైనా పడాలి, పడగానే పట్టుకోవాలి. సికింద్రాబాదు స్టేషను ముందు బస్సు కోసం నిలబడినవాడి చేతిలో నిఘంటువు ఉండదు. ఒక కన్ను బస్సు నంబరు మీదే ఉంటుంది. అటువంటి పాఠకుణ్ణి నమ్ముకొని రాయడం తేలిక పని కాదు.

ఫొటో తీసేవాడికి చట్రంలోకి ఏది రాకూడదో బాగా తెలుసు. ప్రభాకర్ కవితలోనూ అంతే. విశేషణాలు, ఉపోద్ఘాతాలు బయటే ఆగిపోతాయి. పాదానికి రెండు మూడు మాటలు, చివర ప్రాస, ఆ ప్రాస దగ్గరే ఒక చురక. ఆ ప్రాస అలంకారం కోసం కాదు, జ్ఞాపకం కోసం. కాగితం పోయినా కవిత నోట్లో మిగులుతుంది. వేశ్యను గురించి ఆయన రాసిన కొద్దిపాటి పాదాలను పుస్తకం చూడకుండా చెప్పగలిగినవారు ఈనాటికీ ఉన్నారు.

ఈ కవితలు చదివాక మా మోండా మార్కెట్‌లో నడక మారింది. చీకటిపడే వేళ మిగిలిన వంకాయల ధర తగ్గించి పిలిచే కూరలమ్మి గొంతులో ఒకప్పుడు బేరం మాత్రమే వినిపించేది. ఇప్పుడు ఆమె అందుకోవలసిన చివరి బస్సు కూడా కనిపిస్తుంది. లోతంటే ఇంతకంటే ఏమిటో నాకు తెలియదు.

'సిటీ లైఫ్'లో దుఃఖమే ఎక్కువ, సంతోషం తక్కువ అన్న మాట నిజమే. కాస్త చిరునవ్వు కావాలంటే నేను ఎన్. గోపి నానీలు తెరుస్తాను. 1997లో 'వార్త' దినపత్రికలో వెలువడిన ఆ నానీలకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు హద్దు. నావీ, నీవీ కలిసి నానీలు. పేరులోనే పాఠకుడికి వాటా ఉంది. అంతకు చాలా ముందే తిలక్ తపాలా బంట్రోతును కవితా వస్తువు చేశారు. ఈ దారి మనకు కొత్తది కాదు.

1993 జనవరి 12న, సరిగ్గా 39 ఏళ్ళు నిండిన రోజున, ప్రభాకర్ క్షయతో కన్నుమూశారు. క్షయకు మందు లేని కాలం కాదది. ఇంతమందికి అర్థమైన కవి అంత పేదరికంలో వెళ్ళిపోయారు. ఆయన కవిత అర్థం కావడానికి మనకు అర నిమిషం చాలింది. ఆయన బతుకు అర్థం చేసుకోవడానికి 39 ఏళ్ళు చాలలేదు. తేలిక కవిత్వమని తీసిపారేసే ముందు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.