వెనుక వరుసలో నిలిచినవాడు

ఫుట్‌బాల్ చూసేవారి కన్నులు బంతి వెంటనే పరుగెడతాయి. గోల్ కొట్టినవాని పేరు మరునాటి పత్రికలలో పెద్ద అక్షరాలతో వెలువడుతుంది. గోల్ పడకుండా అడ్డుకున్నవాని పేరు అరుదుగా గాని కనబడదు. జరగని సంగతిని ఎవరు లెక్కిస్తారు? నాకు డిఫెండర్ల మీద మక్కువ కలగడానికి ఇదే కారణం. వారిలో నేను మిక్కిలి అభిమానించిన ఆటగాడు లిలియాన్ తురామ్.

ఆయన 1972లో కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో జన్మించాడు. మన గోదావరి తీరాన ఉన్న యానాం వలెనే ఆ దీవి కూడా ఫ్రెంచివారి ఏలుబడిని చూసింది. యానాం 1954లో వారి చేతి నుండి మన దేశానికి వచ్చింది. గ్వాడెలూప్ నేటికీ ఫ్రాన్సులో భాగమే. కనుక తొమ్మిదేళ్ల వయసులో తల్లి వద్దకు పారిస్ ప్రాంతానికి చేరిన తురామ్ చట్టం దృష్టిలో పరదేశి కాడు. అయినా బడిలో కొందరు పిల్లలు టెలివిజన్ బొమ్మల కథలోని ఒక తెలివిమాలిన నల్ల ఆవు పేరుతో అతనిని పిలిచేవారు. తన రంగు లోకానికి ఒక విషయమని ఆ వయసులోనే తెలిసివచ్చిందని ఆయన తరువాత పలుమార్లు చెప్పుకున్నాడు. ఎందుకిలా అని తల్లిని అడిగితే, లోకం తీరే అంత, అది మారదు అన్నదట. ఐదుగురు బిడ్డలను ఒంటరిగా పెంచుతున్న ఆ ఇల్లాలికి అంతకు మించి మాట్లాడే తీరిక ఎక్కడిది? కాని ఆ జవాబుతో బాలునికి తృప్తి కలగలేదు.

మొనాకో క్లబ్బులో ఆర్సేన్ వెంగర్ శిక్షణలో రాటుదేలిన తురామ్ 1996లో ఇటలీలోని పార్మా నగరానికి వెళ్లాడు. గోల్ కొట్టడాన్ని కళగా ఎంచే దేశాలు అనేకం ఉన్నాయి. గోల్‌ను ఆపడాన్ని కూడా కళగా ఎంచే దేశం ఇటలీ. అక్కడ గోల్‌కీపర్ బుఫాన్, సహ డిఫెండర్ కన్నవారో ఆయనకు తోడయ్యారు. 1999లో ఆ జట్టు మార్సెయ్‌ను 3–0 తేడాతో ఓడించి యూఈఎఫ్‌ఏ కప్ గెలిచింది. 2001లో యువెంటస్ క్లబ్బుకు మారి, 2002, 2003 సంవత్సరాలలో ఇటలీ లీగ్ విజేత జట్టులో ఉన్నాడు. 2006లో రిఫరీల వ్యవహారంలో ఆ క్లబ్బు దిగువ శ్రేణికి దించబడగా, ముప్పది నాలుగేళ్ల వయసులో స్పెయిన్ వెళ్లి బార్సిలోనాలో చేరాడు.

డిఫెండర్ పనిలోని కష్టం ఒకటి చెప్పాలి. ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో చిక్కించడానికి వెనుక వరుసలోని వారంతా ఒక్కసారిగా ముందుకు జరగాలి. ముగ్గురు జరిగి ఒక్కడు అడుగు ఆలస్యం చేస్తే ఉచ్చు తెగిపోతుంది. 1998 జులై 8న ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో జరిగింది ఇదే. మన దేశంలో అర్ధరాత్రి దాటింది. నేను టెలివిజన్ ఎదుట కూర్చున్నాను. ద్వితీయార్ధం మొదలు కాగానే తురామ్ వెనుకబడ్డాడు, క్రొయేషియా ఆటగాడు షూకర్ గోల్ చేశాడు. నిండు స్టేడియం మూగపోయింది. మరుసటి నిమిషంలోనే తురామ్ ముందుకు దూసుకువెళ్లి, బోబన్ కాళ్ల నుండి బంతి లాక్కొని, జోర్కాయెఫ్‌కు అందించి, తిరిగి అందుకొని లెక్క సరిచేశాడు. డెబ్బయ్యో నిమిషంలో ఎడమ కాలితో మరొకటి. అప్పుడు మోకాళ్లపై కూర్చొని, పెదవిపై వేలు ఉంచి, ఏదో ఆలోచిస్తున్నవాని వలె ఉండిపోయాడు. ఫ్రాన్స్ 2–1తో గెలిచింది. నాలుగు రోజుల తరువాత బ్రెజిల్‌ను ఓడించి కప్పు అందుకొంది.

దేశం తరఫున ఆయన ఆడిన మ్యాచ్‌లు 142. 2022లో గోల్‌కీపర్ లోరిస్ దాటేవరకు అదే ఫ్రాన్స్ రికార్డు. ఇన్ని మ్యాచ్‌లలో చేసిన గోల్స్ రెండే. రెండూ ఆ రాత్రివే. జనం వాటినే తలచుకుంటారు. నన్నడిగితే ఇంకొక అంకెను ముందు చెబుతాను: ఆ ప్రపంచ కప్పులో ఏడు మ్యాచ్‌లలో ఫ్రాన్స్‌పై పడిన గోల్స్ కూడా రెండే.

2008లో పారిస్ క్లబ్బులో చేరబోతుండగా వైద్య పరీక్షలో గుండెలో లోపం బయటపడింది. ఆయన ఆట మానుకున్నాడు. ఆ ఏడే జాతివివక్షను విద్య ద్వారా ఎదుర్కొనే సంస్థను తన పేరిట స్థాపించాడు. అసమానత పుట్టుకతో వచ్చేది కాదని, చరిత్రలో మనుషులే నిర్మించారని, కనుక దానిని మార్చవచ్చని బడిపిల్లలకు చెప్పడం ఆయన వ్యాపకమైంది.

పెద్ద కుమారుడు 1997లో పార్మాలో పుట్టాడు. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే మీది గౌరవంతో తండ్రి అతనికి మార్కస్ అని పేరు పెట్టాడు. 2022 ప్రపంచ కప్ ఫైనల్‌లో మార్కస్ ఫ్రాన్స్ తరఫున బరిలోకి దిగాడు. అతడు స్ట్రైకర్, తండ్రి జీవితమంతా అడ్డుకున్నది అటువంటి వారినే!