పాటగాడి మీద మనకెందుకంత కోపం

నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు దగ్గరో ఉదయగిరిలోనో టీ తాగుతూ విప్లవ గాయకుడు గద్దర్ పేరెత్తి చూడండి. కాస్త వయసు మళ్లినవాళ్లయితే ముందు ఆయన పాట అందుకుంటారు. పాట అయ్యాక, "చివర్లో అట్ట చేసుండకూడదబ్బా" అంటారు. 2018లో తొలిసారి ఓటేశాడని, గుళ్లకు వెళ్లాడని, 2023 జులైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని వాటేసుకున్నాడని. మరుసటి నెల 6న ఆయనే పోయాడు. కోపం మాత్రం పోలేదు.

ఇది డబ్బు మీద కోపం కాదండీ. మన ఎస్పీ బాలుగారిని చూడండి. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి అబ్బాయి, సినిమాలకు వేల పాటలు పాడి సంపాదించుకున్నారు. అమ్ముడుపోయాడని నెల్లూరులో ఎవరన్నా అన్నారా? ఆయన మనల్ని బతుకు మార్చుకోమని అడగలేదు. గద్దర్ అడిగాడు. 'ఒరేయ్ రిక్షా' పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్నాడు. 1997 ఏప్రిల్ 6న దుండగులు ఇంటికొచ్చి కాల్చిన తూటాల్లో ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అలాంటి మనిషి మాటను ఎవరు నమ్మరు చెప్పండి?

పాటను నమ్మితే ఏమవుతుందో ఈ మెట్ట ఊళ్లకు చెప్పక్కర్లేదు. 1991లో చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం కళాజాతాలు ఊరూరా ఆడి పాడి వెళ్లాయి. రాత్రిబడిలో పలక పట్టిన ఆడవాళ్లే కలిగిరి మండలం దూబగుంటలో సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోసమ్మగారి పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలోనే సారా బందయింది. జాతా వాళ్లు పాడేసి పక్క ఊరికి పోయారు. ఇంట్లో మొగుడికీ, బయట సారా కాంట్రాక్టరు మనుషులకూ ఎదురు నిలబడింది విన్న ఆడవాళ్లే. పాటకు వాళ్ల బతుకులే పెట్టుబడి. ఆ తర్వాత వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో సడలించినప్పుడు వాళ్లు ప్రభుత్వాన్ని తిట్టుకున్నారు. నాయకుడు మాట తప్పితే తిట్టి ఊరుకుంటాం. పాటగాడు దారి మారితే అలా కాదు. ఆయన మాటలు మన నోటితో పాడాం, ఆ ధైర్యంతో ఎవరికో ఎదురుతిరిగాం. ఇప్పుడు ఆయనే పక్కకు తప్పుకుంటే, ఆనాడు మనం చేసిందే తప్పన్నట్టు గుండెలో గుచ్చుకుంటుంది.

గద్దర్ అమ్ముడుపోయాడని నేననుకోను. ఆయన చేతికి ఏ పదవీ రాలేదు. డెబ్బై ఏళ్ల వయసులో తుపాకీ కన్నా ఓటు మేలనిపిస్తే అలా అనుకునే హక్కు ఆయనకుంది. నొచ్చుకునే హక్కు మనకూ ఉంది. ఆ రెండింటికీ రాజీ కుదర్చాలని నాకేం లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆయన పోయాక జరిగింది. తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టి, 2025 జూన్‌లో తొలిసారి పంచింది. గౌరవమే, కాదనను. కానీ ఆ వేదిక మీద ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ, ఆయన వద్దన్న ఆ నందిని ఒక్కసారి తలుచుకొని ఉండాల్సింది.