కామెర్లని చెప్పారు!

2024 సంక్రాంతికి మండపేట వెళ్లినప్పుడు, బస్సు దిగి మా ఇంటికి కూడా పోకుండా ముందు నా చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. పేరు, వీధి అడక్కండి. రాయమని తనే అంది, ఆ షరతు మీద.

డల్లాస్‌లో ఉన్న దానికి నాలుగో నెల. పిన్నిగారు అరిసెలు, తాపేశ్వరం కాజాలు పార్సిల్ కడుతూ ఉంటారనుకున్నా. ఆవిడేమో ఒళ్లో ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు.

స్కానింగ్‌లో బిడ్డకి పుర్రె ఏర్పడలేదని తేలిందట. పుట్టినా గంటలో, రోజులో.

"తీయించుకుంటానంటే డాక్టర్లు కుదరదంటున్నారటమ్మా. అమెరికాలో కుదరకపోవడమేంటి?"

నాకూ వింతగానే ఉంది. అబార్షన్ మహిళ హక్కని అమెరికా సుప్రీంకోర్టు 1973 జనవరిలో రో వర్సెస్ వేడ్ కేసులో చెప్పింది. 2022 జూన్ 24న అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసి, నిర్ణయం రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సాస్‌లో తల్లి ప్రాణం మీదికొస్తేనో, ఒంట్లో ముఖ్యమైన భాగమేదైనా తీవ్రంగా దెబ్బతినేలా ఉంటేనో తప్ప కుదరదు. బిడ్డ బతకదన్నది కారణంగా చెల్లదు. కాదని చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. అంతకు నెల ముందే, 2023 డిసెంబరులో, డల్లాస్ ప్రాంతానికే చెందిన కేట్ కాక్స్ ఇలాంటి కష్టంతోనే కోర్టుకెక్కింది. టెక్సాస్ సుప్రీంకోర్టు కాదంది. అప్పటికే ఆమె వేరే రాష్ట్రానికి బయల్దేరిపోయింది.

"ఇక్కడికి వచ్చెయ్యమన్నానమ్మా. రాజమండ్రిలో డాక్టరమ్మ నేను చూస్తానంది."

చూడొచ్చు. మన చట్టం 1971లోనే వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమెరికా తీర్పు కంటే తొమ్మిది నెలలు ముందే! ఇప్పుడు 20 వారాల దాకా ఒక్క డాక్టరు సమ్మతి చాలు. 24 వారాల వీలు పెళ్లికాని వాళ్లకీ ఉందని 2022లో మన సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని మురిసిపోనక్కర్లేదు. ఆ చట్టం వెనక జనాభా భయముంది, నాటుమందుల చావులున్నాయి. ఈరోజుకీ ఆఖరిమాట ఆడమనిషిది కాదు, డాక్టరుది. స్కానింగ్ చూసి ఆడపిల్లల్ని తీయించిన పాపమూ మనదే. ఆసుపత్రి గోడల మీద 'లింగనిర్ధారణ చేయబడదు' బోర్డులు ఊరికే వెలవలేదు.

కానీ అది రాలేదు. వస్తే వీసా స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి వెళ్లడానికుండదు, ఈలోగా ఉద్యోగం ఏమవుతుందో! మొగుడూ పెళ్లాం ఇద్దరూ కారులో సుమారు వెయ్యి కిలోమీటర్లు, న్యూమెక్సికోకి ప్రయాణం కట్టారు. దారిలో నాకు ఫోన్ చేసింది.

"అందరూ అయ్యో అంటారే. ఎక్కడికెళ్లాలో చెప్పమంటే మాత్రం నోరు విప్పరు. భయం."

ఆ రాత్రి ఇంట్లో ఇదే మాట. మంచం మీద అమ్మమ్మ నిద్రపోయిందనుకున్నాం.

"మా పక్కింటి పిల్లకి పదహారేళ్లకే మొగుడు పోయాడే. తర్వాత నెల తప్పింది. మంత్రసాని ఏదో మందిచ్చింది. మూడోనాటికి పోయింది. కామెర్లని చెప్పారు."

ఎప్పుడు అంటే, నా పెళ్లికి ముందు అంది. అంటే 1950ల మొదట్లో. అప్పటికి దొరలు 1860లో రాసిన శిక్షాస్మృతే దిక్కు. సెక్షన్ 312 ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప కడుపు దించడం నేరం. ఆ పిల్ల బతికుంటే తనకీ జైలే. టెక్సాస్ చట్టం గర్భిణిని జైల్లో పెట్టదు, ఆ మేరకు నయం. మిగతాది చదువుతుంటే రెండూ అక్కచెల్లెళ్లలా అనిపించాయి.

కనుమ నాడు పిన్నిగారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. దానికి పని అయిపోయింది, ఒళ్లు బాగానే ఉందట. మేం మాట్లాడుకుంటుండగా ఎదురింటావిడ గారెల గిన్నెతో వచ్చి, అమ్మాయి ఎలా ఉందని అడిగింది.

"కడుపు నిలవలేదండీ" అన్నారు పిన్నిగారు, నా వైపు చూడకుండా.