తోకమాటలు

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళని ఏడిపించేవి పెద్ద పెద్ద మాటలని చాలామంది అనుకుంటారు. కాదు. మూరెడు పొడుగు మాట ఎదురైతే నిఘంటువు తీసి చూస్తాం. దానికి అర్థం ఒకటో రెండో వుంటుంది. పని అయిపోతుంది. ఏడిపించేవల్లా గో, కమ్, గెట్, రన్, ఫాల్ వంటి బుల్లి బుల్లి మాటలు. చిన్న తరగతి పిల్లలకి కూడా వచ్చినవే! వాటి వెనకాల అప్, ఆఫ్, ఔట్, ఓవర్, త్రూ అంటూ ఒక తోక తగిలించేసరికి, బాగా తెలిసిన మనిషే మారువేషం వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు వుంటుంది.

ఇది మనకొక్కళ్ళకే వచ్చిన కష్టం కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ పండితుడు తన ఇంగ్లీషు నిఘంటువు వెలువరించినప్పుడు పీఠికలోనే ఒప్పుకున్నాడు, క్రియ వెనకాల చిన్నమాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరదేశీయులకి అన్నిటికంటె కష్టమైనదని. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు పెట్టినంత మాత్రాన పిశాచం వదలదు కదా! మా ఇంట్లో మాత్రం వీటిని తోకమాటలంటాం.

మా అన్నయ్యగారి మనుమరాలు ఒకతె నర్సింగు చదివింది. గోదావరి ఒడ్డున చిన్న పల్లె. పదో తరగతి దాకా తెలుగులోనే చదువు. ఇంగ్లండు వెళ్ళి ఆసుపత్రిలో పని చెయ్యాలని ఆమె పట్టుదల. దానికి ముందు భాషలో పరీక్ష ఒకటి నెగ్గాలి. వున్న ఎకరం పొలమూ అమ్మి వాళ్ళ నాన్న చదివించాడు. ఇక అమ్మడానికి పొలం లేదు. నేను ఇంగ్లీషు మేష్టరుగా చేసి రిటైరైనవాణ్ణి కనక, కొన్నాళ్ళు మా ఇంట్లో వుండి సాయంకాలాలు నా దగ్గిర చదువుకుంది.

మొదటిరోజున ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. అందులో మూడువందల తోకమాటలు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. ఎక్కాల్లాగ అప్పజెప్పేస్తుంది. నేను ఒక్క వాక్యం చెప్పాను.

“రాత్రి రెండు గంటలకి పై అంతస్తునుంచి ఫోనులో ఎవరో అన్నారనుకో, మూడో మంచం దగ్గిర ‘అలారం వెంట్ ఆఫ్’ అని. ఏమిటి దాని అర్థం?”

“అలారం ఆగిపోయింది తాతయ్యా” అంది తడుముకోకుండా.

ఆ పిల్ల తర్కంలో లోపమేమీ లేదు. ‘లైట్ వెంట్ ఆఫ్’ అంటే దీపం ఆరిపోయిందనే కదా! కాని అలారం విషయంలో ఆ మాటకి అర్థం మోగిందని. ఆగిందనుకున్న నర్సు కుర్చీలో కూచునే వుంటుంది. మోగిందని తెలిసిన నర్సు పరుగెత్తుతుంది. ఈ రెంటికీ మధ్య మూడో మంచం మీద ఒక మనిషి వున్నాడు.

“ఇదేం భాష తాతయ్యా! ఒకే మాటకి ఆరడమూ, మోగడమూనా?” అని పుస్తకం మూసేసింది.

“మన భాష మాత్రం తక్కువ తిన్నదా అమ్మాయ్? బాంబు గో ఆఫ్ అయితే ఏమంటాం?”

“పేలిపోయింది.”

“పాలు గో ఆఫ్ అయితే?”

“విరిగిపోయాయి.”

“దీపం?”

“ఆరిపోయింది.” అని ఆగి, నావేపు చూసి ఫక్కున నవ్వింది. “అన్నిటికీ ‘పోయింది’ వుంది తాతయ్యా!”

అదీ సంగతి. బాంబు ఎక్కడికి పోయింది? పాలు ఎక్కడికి పోయాయి? గిన్నెలోనే వున్నాయి. అయినా పోయాయంటాం. వున్న స్థితిని విడిచిపెట్టి మరోస్థితికి వెళ్ళాయని మన భావం. ఇంగ్లీషు ‘ఆఫ్’లో వున్నదీ అదే. వున్నచోటు విడిచిపోవడం. దీపం వెలుగుని విడిచింది, పాలు మంచితనాన్ని విడిచాయి, అలారం మౌనాన్ని విడిచింది. ఇంగ్లీషువాడు నడక మాటకి తోక తగిలిస్తాడు. మనం ఏ మాటకైనా నడక మాటనే తోకగా తగిలిస్తాం. తెలిసిపోయింది, అలిసిపోయాడు, మరిచిపోయాను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించిన బ్రౌన్ దొర మన ‘పోవు’ దగ్గిరికి వచ్చేసరికి ఎన్నిసార్లు కలం ఆపి ఆలోచించి వుంటాడో! మన దగ్గిర ఆయనకీ, వాళ్ళ దగ్గిర మనకీ బాకీ సరి.

ఆ నాటినుంచి నోటుపుస్తకం పక్కన పెట్టి, ప్రతి తోకమాటకీ మన ఇంట్లో జోడీ వెతకడం మొదలుపెట్టాం. పంచదార నిండుకుంటే వాళ్ళు ‘రన్ ఔట్’ అంటారు. మనం అయిపోయిందంటాం. దారిలో అనుకోకుండా ఒకరు కనిపిస్తే వాళ్ళు ‘రన్ ఇన్‌టు’ అంటారు, అంటే పరుగెత్తుకెళ్ళి తగలడం. మనవాళ్ళు ‘ఎదురుపడ్డారు’. అక్కడా ఎవరూ పరుగెత్తలేదు, ఇక్కడా ఎవరూ పడలేదు. పాత ఉత్తరం ఒకటి పెట్టెలో దొరికితే వాళ్ళకి ‘కమ్ అక్రాస్’, మనకి కంటపడడం. ఇక జ్వరం సంగతి మరీ వింత. మనకి జ్వరమే మన దగ్గిరికి వస్తుంది. ఇంగ్లీషులో మనిషే జ్వరంతో కిందికి వస్తాడు, ‘కమ్ డౌన్ విత్’ అని.

అయితే తేడా ఒకటి వుంది. అది పట్టుకుంటే సగం కష్టం తీరినట్టే. ‘హి స్వామ్ అక్రాస్’ అన్న మూడు మాటలని తెలుగులో చెప్పి చూడండి. ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. ‘షి లింప్‌డ్ ఇన్’ అంటే, కుంటుకుంటూ లోపలికి వచ్చింది. ఎలా కదిలారో మనం ముందే చెప్పేసి, వెళ్ళడమూ రావడమూ చివరికి అట్టేపెడతాం. వాళ్ళు కదిలిన తీరుని క్రియలో కుక్కేసి, ఎటు వెళ్ళారన్నది తోకకి వదిలేస్తారు. మన వాక్యంలో క్రియ వచ్చిందంటే కథ ముగిసినట్టే. వాళ్ళ వాక్యంలో చాలాసార్లు క్రియ దాటాకనే అసలు కథ వుంటుంది. మన చెవి క్రియ వినగానే తృప్తిపడి తలుపు మూసుకుంటుంది. తోక బయట వుండిపోతుంది. అంచేత తోక వినేదాకా తలుపు మూయకూడదు.

ఆసుపత్రి మాటల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ‘పాస్‌డ్ ఔట్’ అంటే స్పృహ తప్పడం. ‘పాస్‌డ్ అవే’ అంటే కాలం చెయ్యడం. తల ఒకటే, తోకలే వేరు. ‘కేమ్ రౌండ్’ అంటే తిరిగి స్పృహలోకి రావడం. మన దేశంలో ‘ఫలానా కాలేజీనుంచి పాస్‌డ్ ఔట్’ అని దర్జాగా చెప్పుకుంటాం. ఇంగ్లండులో సైనిక విద్యాలయాల సంగతి వేరుగాని, మామూలు మనిషి ఆ మాట వింటే, పాపం, పట్టా పుచ్చుకునేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోయిందేమో అనుకుంటాడు. ఇది చెప్పగానే మా పిల్ల తన దరఖాస్తు కాగితం తీసి, ఆ మాట కొట్టేసి, ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాసుకుంది.

మరో విశేషం కూడా చెప్పాను. మరణవార్త బంధువులకి చెప్పవలసివచ్చినప్పుడు ‘పాస్‌డ్ అవే’ వంటి మెత్తని మాటలు వాడవద్దనీ, ‘డైడ్’ అన్న సూటి మాటే దయగా చెప్పమనీ అక్కడి వైద్యులకీ నర్సులకీ శిక్షణలో నేర్పుతారు. వినేవాళ్ళకి సందేహం మిగలకూడదని. ప్రాణం సంగతి వచ్చేసరికి తోకమాటని వాళ్ళే పక్కన పెడతారన్నమాట. అది విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “మనం కూడా ‘పోయారు’ అంటాం కదా తాతయ్యా. ఎక్కడికి అని ఎవరూ అడగరు” అంది చివరికి.

పోయిన వారం ‘గెట్ త్రూ’, ‘గెట్ ఓవర్’ వచ్చాయి. మొదటిది కష్టంలోంచి దూరి ఇవతలికి రావడం, రెండోది దాని మీదుగా దాటడం అని నేను వివరిస్తూంటే మధ్యలోనే అందుకుంది.

“ఇవి రెండూ గట్టెక్కడమే తాతయ్యా. మా రేవులో రోజూ చూసేదే!”

నేను ఇక చెప్పవలసింది కనిపించలేదు. పరీక్ష వచ్చే నెలలో. నోటుపుస్తకంలో మూడువందల మాటలూ అలాగే వున్నాయి. తెలుగు పక్కన వున్న బట్టీ అర్థాలు మాత్రం ఒక్కొక్కటే కొట్టేసి, వాళ్ళమ్మ ఇంట్లో మాట్లాడే మాటలు రాసుకుంటోంది.