మన వడ్రంగికీ ఒక కెమెరా

ఒక వడ్రంగి టీవీలో పని చాలిస్తే ఊళ్లకు ఊళ్లు బెంగపెట్టుకోవడం నేను అమెరికాలో చూశాను. 'ది న్యూ యాంకీ వర్క్‌షాప్'కు ఇక కొత్త భాగాలు ఉండవని 2009 అక్టోబరులో ప్రకటన వచ్చింది. పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో 1989లో మొదలై 21 సీజన్లు నడిచిన కార్యక్రమం అది. నడిపినవాడు నార్మ్ ఏబ్రమ్. గడ్డం, కళ్లజోడు, గళ్ల చొక్కా. తండ్రి కూడా వడ్రంగే. ఆ కార్యక్రమంలో పాటలు లేవు, పోటీలు లేవు, కన్నీళ్లు లేవు. అరగంటసేపు ఒక మనిషి కర్ర కోస్తాడు, నున్న చేస్తాడు, అతుకుతాడు. చివరికి ఒక బల్లో, పెట్టో, కుర్చీయో తయారై నిలబడుతుంది.

మాది మండపేట. ఇప్పుడు ఉండేది మాసాచుసెట్స్‌లో, నార్మ్ పెరిగిన మిల్‌ఫర్డ్‌కు దగ్గర్లోనే. ఆ కబురు తెలిసిన వారం మా వీధిలో, ఆఫీసులో, కర్ర అమ్మే దుకాణంలో కూడా ఇదే మాట. మా పక్కింటి పెద్దాయన రిటైరైన పోస్ట్‌మన్. వాళ్ల వరండాలో ఉన్న అడిరాండాక్ రకం చెక్క కుర్చీలు రెండూ నార్మ్ నమూనా తెప్పించుకుని చేసుకున్నవే. కొలతలతో గీసిన ఆ నమూనాలు కార్యక్రమం వాళ్లే అమ్మేవారు. "మా నాన్న నాకు రంపం పట్టుకోవడం నేర్పలేదు. నేర్పింది ఈయన" అన్నాడు పెద్దాయన. మా ఆఫీసులో ఇంకొకాయన జీవితంలో ఒక్క మేకు కొట్టినవాడు కాదు. ఆయనా దిగులుపడ్డాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని చూసిన కార్యక్రమం మరి.

సణిగినవాళ్లూ ఉన్నారు. అన్ని యంత్రాలు మామూలు మనిషికి ఎక్కడ దొరుకుతాయని వాళ్ల బాధ. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి గన్‌తో సన్నమేకులు టకటకా దించేస్తాడని చేతిపని ఇష్టపడేవాళ్లకు కోపం. అలాంటివాళ్లకు రాయ్ అండర్‌హిల్ ఉండేవాడు. 1979లో నార్త్ కరోలినా పబ్లిక్ టీవీలో మొదలైన 'ది వుడ్‌రైట్స్ షాప్'లో ఆయన కరెంటు జోలికి పోకుండా ఉలితో, చేతిరంపంతో, గొడ్డలితో మూడున్నర దశాబ్దాలకు పైగా పని చేసి చూపించాడు. కానీ నార్మ్ వెళ్లిపోతున్నాడంటే సణిగినవాళ్లు కూడా వచ్చి కృతజ్ఞతలు చెప్పారు. ప్రతి భాగం మొదట్లోనూ కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోమని ఆయన చెప్పే మాట ఇక్కడ పిల్లలకు కూడా కంఠస్థం. దానివల్ల ఎన్ని కళ్లు నిలిచాయో ఎవరు లెక్కపెట్టగలరు!

నార్మ్ వెనక ఉన్న మనిషి రస్ మొరాష్. వంటలు నేర్పే జూలియా చైల్డ్‌ను 1963లో తెర మీదికి తెచ్చిన దర్శకుడు ఆయనే. తోటపని మీద 'ది విక్టరీ గార్డెన్', ఇళ్ల మరమ్మతు మీద 'దిస్ ఓల్డ్ హౌస్' కూడా ఆయనవే. మొరాష్ తన ఇంటి దగ్గర ఒక చిన్న కట్టడం పని నార్మ్‌కు అప్పగించాడట. సాయంత్రం వచ్చి చూస్తే మిగిలిన ముక్కల కుప్ప మరీ చిన్నగా ఉంది. ఇంత తక్కువ కర్ర పారేసే మనిషి ఎవరా అని ఆయనకు నార్మ్ మీద గురి కుదిరింది. అలా నార్మ్ 'దిస్ ఓల్డ్ హౌస్'తో టీవీలోకి వచ్చాడు.

ఈ సంగతి విన్నప్పుడల్లా నాకు మా ఊరి మిల్లు మేస్త్రీ గారు గుర్తొస్తారు. మండపేటంటే బియ్యం మిల్లుల ఊరు. మా నాన్న ఒక మిల్లులో గుమాస్తా. ఆ రోజుల్లో ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ పెట్టె చెక్కదే, జల్లెడల చట్రాలూ చెక్కవే. ఇంటి తలుపులు చేసే వడ్రంగికి ఆ పని చేతకాదు. జల్లెడ పొద్దస్తమానం ఊగుతూనే ఉంటుంది. మేకు కొడితే నాలుగు రోజుల్లో వదులైపోతుంది. అందుకని మేస్త్రీ గారు ఒక కర్రకు బెజ్జం తొలిచి, రెండో కర్ర కొసను దానికి సరిపడా చెక్కి, బిగించి, అడ్డంగా చెక్క సీల దించేవారు. ఎలివేటర్ పెట్టె పూర్తయ్యాక లోపల దీపం పెట్టించి, గదిలో లైటు తీయించి, చుట్టూ తిరిగి చూసేవారు. ఎక్కడైనా సన్నటి వెలుగు గీత కనబడితే అక్కడ చిత్రిక మళ్లీ పడాల్సిందే. లేకపోతే అందులోంచి తవుడు రాలుతుంది. "పీచు ఎటు తిరిగిందో చూడకుండా చిత్రిక పెడితే కర్ర లేచిపోద్ది బాబూ" అని చెప్పేవారు, నేను అడక్కపోయినా.

తర్వాత ఇనప ఎలివేటర్లు వచ్చాయి. ఆయన పని తగ్గింది, ఆ తర్వాత ఆయనా పోయారు. ఆయన పని ఆగిన రోజు ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే ఆగిందని ఎవరికీ తెలియలేదు. ఇద్దరు కొడుకులూ కువైట్ వెళ్లి అక్కడ షట్టరింగు పనిలో చేరారు.

రైతుకు మన టీవీలో 'అన్నదాత' ఉంది. పొద్దున్నే ఈటీవీ పెట్టి చూసే కుటుంబాలు మా వైపు ఎన్నో నాకు తెలుసు. వంటల కార్యక్రమాలకైతే లెక్కే లేదు. చెక్క మీద పని చేసేవాడికి మాత్రం నాకు తెలిసి అరగంట కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. చూసేవాళ్లు ఉండరనడం సాకు మాత్రమే. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఎంత అల్లాడిందో గుర్తుందా? 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి కొత్త టేకు రథం సిద్ధమైంది. అంత పెద్ద రథం నెలల్లో ఎలా లేచింది, చక్రాలు ఎలా చేశారు, ఏ కర్ర ఎక్కడ వాడారు, బరువు ఎలా నిలిపారు? కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచి మోకు కట్టేదాకా వరసగా చూపిస్తే ఊళ్లకు ఊళ్లు కూర్చుని చూసేవి. మనం చూసిందల్లా కాలిన రథం, తయారైన రథం.

నార్మ్ 2022లో 'దిస్ ఓల్డ్ హౌస్' నుంచి కూడా తప్పుకున్నాడు. వీడ్కోలుగా ఆయన మీద ఒక గంట కార్యక్రమమే వేశారు. మొరాష్ 2024లో కన్నుమూశారు. 'న్యూ యాంకీ వర్క్‌షాప్' పాత భాగాలు అలాగే ఉన్నాయి. మా పక్కింటాయన మనవరాలు వాటిని చూసి పుస్తకాల బీరువా చేస్తోంది. నార్మ్ చూపించిన పని ఆయన తప్పుకున్నా జనానికి అందుతోంది, కెమెరా దగ్గరగా పెట్టి, తొందరపడకుండా తీశారు గనుక.

అందుకని ఈ వేసవికి ఊరెళ్లే ప్రవాసులందరికీ నాదొక విన్నపం. మండపేటలోనో, రామచంద్రపురంలోనో, రావులపాలెంలోనో, మీ సొంత ఊళ్లోనో ఒక పెద్ద వడ్రంగి ఇంకా పని చేస్తూనే ఉంటారు. ఆయన దగ్గర ఒక పూర్తి రోజు కూర్చోండి. ముఖం కన్నా చేతులు బాగా కనబడేలా ఫోనులో తీయండి. ఈ కర్రే ఎందుకు తీసుకున్నారు, ఇక్కడ మేకు ఎందుకు కొట్టలేదు అని అడగండి. జవాబు ఆయన మాటల్లోనే, ఆయన యాసలోనే ఉండనివ్వండి. మధ్యలో కోయకండి. ఆయన సరేనంటేనే పదిమందికీ పంపండి. ఆ రోజు కూలి మాత్రం తప్పకుండా ఆయన చేతిలో పెట్టి రండి.