ఐదో నంబరు

జావేద్ మియాందాద్‌ను చాలా ఏళ్లు నేను టీంలోకి రానివ్వలేదు.

భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లను కలిపి అన్ని కాలాలకూ మేటి అనదగ్గ టెస్టు జట్టు రాయడం మేడిపల్లిలో క్రికెట్ పిచ్చి పట్టిన మా జతగాళ్లందరికీ అలవాటు. వరికోతలు అయ్యాక ఎండిన మడిలో ఆడేవాళ్లు ఆడుతుంటే, వంతు రాని వాళ్లం గట్టు మీద కూర్చుని నోట్‌బుక్ వెనక పేజీలో పేర్లు రాసేవాళ్లం. వసీం అక్రంను రాయడానికి నాకు అడ్డేమీ ఉండేది కాదు. ఇమ్రాన్ ఖాన్‌ను కాదనేవాడు ఎవడు? ఐదో నంబరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుండప్ప విశ్వనాథ్ పేరో, వెంగ్‌సర్కార్ పేరో పెట్టేవాణ్ని. ఇద్దరూ గొప్ప బ్యాట్స్‌మెన్లే. అయినా నేను వాళ్లను ఎంచుకున్నానని చెప్పలేను. మియాందాద్‌ను తప్పించడానికి వాళ్లను వాడుకున్నాను.

కారణం 1986 ఏప్రిల్ 18. షార్జాలో ఆస్ట్రల్-ఆసియా కప్ ఫైనల్. నేనింకా బడికి పోతున్న రోజులు. టీవీ ఉన్న ఇంటి అరుగు మీద వాడంతా చేరింది. గవాస్కర్ 92, శ్రీకాంత్ 75 కొట్టారు, మనవాళ్లు 245 చేశారు. మియాందాద్ ఒక్కొక్క పరుగూ ఏరుకుంటూ వచ్చి ఆఖరి బంతికి 4 పరుగులు కావలసిన దాకా మ్యాచ్‌ను లాక్కొచ్చాడు. చేతన్ శర్మ యార్కర్ వేయబోతే అది ఫుల్‌టాస్ అయ్యింది. సిక్స్. బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్న అక్కల చేతులు కూడా ఆగిపోయాయి. తర్వాత కొన్నాళ్లకు షార్జా నుంచి వచ్చిన మా చిన్నాయన ఉత్తరంలో జీతం మాట కంటే ముందు ఆ సిక్స్ మాటే ఉంది. క్యాంపులో తల ఎత్తుకోలేకపోతున్నామని రాశాడు.

ఆ ఒక్క బంతి పట్టుకుని నేను ఇద్దరికి అన్యాయం చేశాను. మరుసటి ఏడాది అక్టోబర్ 31న నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద చేతన్ శర్మ హ్యాట్రిక్ తీశాడు. ప్రపంచకప్ చరిత్రలోనే అది మొదటి హ్యాట్రిక్. మా గట్టు మీద దాని ఊసే వచ్చేది కాదు. ఇక మియాందాద్ 124 టెస్టుల్లో 8,832 పరుగులు చేశాడనీ, మొదటి టెస్టు నుంచి చివరి టెస్టు దాకా అతని సగటు ఎప్పుడూ 50 కిందికి దిగలేదనీ తెలుసుకోవాలని కూడా నాకు అనిపించలేదు. టెస్టు జట్టు రాస్తూ ఒక వన్డే బంతికి శిక్ష వేస్తూ వచ్చాను.

అంతటితో ఆగి ఉంటే అది నా ఒక్కడి మొండితనంగానే మిగిలేది. 1996లో ఇంకొకరికి తగిలింది.

మార్చి 9న బెంగళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. అజయ్ జడేజా వకార్ యూనిస్‌ను చివరి ఓవర్లలో ఉతికాడు, కవ్వించిన ఆమిర్ సోహైల్‌ను వెంకటేశ్ ప్రసాద్ బౌల్డ్ చేశాడు. మియాందాద్‌కు అదే చివరి మ్యాచ్. 38 దగ్గర రనౌటై వెళ్లిపోయాడు. మర్నాడు గట్టు మీద నా చిన్ననాటి దోస్తు తన పదకొండు మందిని రాసి నా చేతిలో పెట్టాడు. ఐదో నంబరు మియాందాద్. "ఆడుడు బంద్ వెట్టిండు గదరా, ఇప్పటికన్నా గాయినకు జాగియ్యి" అన్నాడు.

నా దోస్తు ముస్లిం. చుట్టూ నలుగురు ఉన్నారు, గెలిచిన ఊపులో ఉన్నాం. నేను ఆ పేరు కొట్టేసి, "అసలు నువ్వు ఏ దిక్కురా?" అన్నాను.

ముందు రోజు జడేజా సిక్స్ కొట్టినప్పుడు నా మెడ చుట్టూ చేతులు వేసి ఎగిరినవాడు వాడే. ఆ మాటకు వాడు తిరిగి ఒక్క ముక్క అనలేదు. ఆ ఎండాకాలం మళ్లీ ఆటకు రాలేదు. నేను పిలవనూ లేదు. పిలిస్తే ఎందుకు రావడం లేదో వాడు చెబుతాడని నాకు తెలుసు.

అంతకు నెల కిందటే రెండు దేశాల జట్టు కాగితం మీద కాదు, నిజంగానే మైదానంలో దిగింది. జనవరి 31న కొలంబోలో బాంబు పేలాక ఆస్ట్రేలియా, వెస్టిండీస్ అక్కడ ఆడబోమన్నాయి. శ్రీలంకకు అండగా భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లు ఒకే జట్టుగా ఫిబ్రవరి 13న ప్రేమదాస స్టేడియంలో ఆడారు. సచిన్, సయీద్ అన్వర్, అక్రం, వకార్, కుంబ్లే అందరూ ఉన్న ఆ జట్టుకు కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్. అక్రం బంతికి కలువితరణ ఇచ్చిన క్యాచ్ సచిన్ పట్టాడు. కుంబ్లే నాలుగు వికెట్లు తీశాడు. ఆ వార్త నేను చదివాను, సంతోషించాను కూడా. చదివినవాణ్నే నెల తిరక్కుండా దోస్తును ఆ మాట అడిగాను. ఇన్నేళ్లకూ నాకు మింగుడు పడనిది అదే.

తర్వాత నేనూ మా ప్రాంతపు మగవాళ్లలో చాలామందిలాగే గల్ఫ్ బాట పట్టాను. షార్జాలో మా గదిలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లం, పక్క గదిలో పెషావర్ వైపు డ్రైవర్లు. వాళ్లలో పెద్దాయనను ఖాన్ భాయ్ అనేవాళ్లం. క్రికెట్ మాట వస్తే ఆయనా పదకొండు మందిని చెప్పేవాడు. అందులో ఆరుగురు మనవాళ్లు. మొదటి పేరు గవాస్కర్. పక్క మంచాల మీది వాళ్లు గొడవ పెట్టుకునేవారు. అబ్దుల్ ఖాదిర్ ఉండగా కుంబ్లే ఎందుకని, హనీఫ్‌ను ఎలా మరిచావని. నువ్వు ఎవరి వైపు అని మాత్రం ఎవరూ అడగలేదు. నేను విన్నంతలో ఒక్కసారి కూడా అడగలేదు.

జట్టు ఎలా రాయాలో నేర్పింది ఆయనే. ముందు పేర్లు కాదు, పనులు రాయమనేవాడు. కొత్త బంతిని తట్టుకునేవాడు, ఓడే మ్యాచ్‌ను డ్రా చేసేవాడు, పాతబడ్డ బంతిని రివర్స్ స్వింగ్ చేసేవాడు, ఎడమచేత్తో వేసేవాడు, ఐదో రోజు పిచ్ మీద స్పిన్నర్. ఆ పనికి ఎవరు దొరుకుతారో చూస్తే జెండా దానంతట అదే పక్కకు పోతుంది. హనీఫ్ మహ్మద్ పేరు నేను అప్పటిదాకా ఎన్నడూ రాయలేదు, ఆయన ఆట చూడలేదు గనక. 1958లో బ్రిడ్జ్‌టౌన్‌లో వెస్టిండీస్ 579 చేస్తే పాకిస్తాన్ 106కే కుప్పకూలింది. ఫాలో ఆన్‌లో హనీఫ్ 970 నిమిషాలు నిలబడి 337 కొట్టి మ్యాచ్ కాపాడాడు. గవాస్కర్‌కు తోడుగా ఇంకెవరు కావాలి? ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టాక కూడా నేను హనీఫ్‌ను మార్చలేదు.

మా సూపర్‌వైజర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. షార్జా స్టేడియంలో టోర్నమెంట్లు నడిపించిన ఆసిఫ్ ఇక్బాల్ మా హైదరాబాదీయే అని ఆయన చెప్పాకే తెలిసింది. 1943లో హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1979లో పాకిస్తాన్ కెప్టెన్‌గా మన దేశానికి వచ్చాడు. భారత్‌కు కెప్టెన్సీ చేసిన ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఆయన మేనమామ. ఒకే ఇంటి నుంచి రెండు దేశాలకు కెప్టెన్లు. ఆ ఇంట్లో ఎవరినైనా ఏ దిక్కని అడగగలనా? 

1999 జనవరి 31న చెన్నై టెస్టు ఆఖరి రోజును ఆ రెండు గదుల వాళ్లం ఒకే టీవీలో చూశాం. గెలవడానికి 271. నడుం నొప్పితో సచిన్ 136 కొట్టి, 17 పరుగులు మిగిలి ఉండగా సక్లైన్‌కు దొరికాడు. 12 పరుగులతో ఓడిపోయాం. చెపాక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే పాకిస్తాన్ జట్టు మైదానం చుట్టూ తిరిగింది. ఖాన్ భాయ్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతుంటే నా దోస్తు గుర్తొచ్చాడు.

సెలవు మీద వచ్చినప్పుడు వాళ్లింటికి పోయాను. ఆ రోజు నేనన్నది తప్పురా అన్నాను. "నువ్వు మర్సిపోయినవనుకున్న. నేనైతే మర్వలే" అన్నాడు. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. వాళ్లమ్మ చాయ్ తెచ్చింది. తర్వాత వాడే, "జట్టు ఏమన్న మారిందా?" అని అడిగాడు.

మారింది. గవాస్కర్, హనీఫ్, ద్రవిడ్, సచిన్, మియాందాద్, ఇమ్రాన్, ధోనీ, కపిల్, అక్రం, కుంబ్లే, వకార్. కెప్టెన్ ఇమ్రాన్. ధోనీ తర్వాతి కాలంలో వచ్చి చేరాడు, అంతకుముందు ఆ చోటు కిర్మాణీది. 20 లోపు సగటుతో 200 వికెట్లు తీసిన బుమ్రాకు వకార్ చోటు ఇవ్వాలా అని ఈమధ్య తర్జనభర్జన పడుతున్నాను.

మా ఊరి పిల్లలను ఇదే ఆట ఆడమంటే నాకు దిగులేస్తుంది. 2007 డిసెంబర్ తర్వాత ఈ రెండు దేశాలు టెస్టు ఆడలేదు. 2008 తర్వాత ఐపీఎల్‌లో పాకిస్తాన్ ఆటగాళ్లు లేరు. బాబర్ ఆజం పేరు చెప్పి, కొంచెం ఆలోచించి షాహీన్ అఫ్రీదీ పేరు చెప్పి ఆగిపోతారు. మా తరం మియాందాద్ మీద కోపంతోనైనా అతని ప్రతి షాటూ చూసింది. వీళ్లకు తీసేయడానికి కూడా పేర్లు తెలియవు. అందుకే వాళ్లు గట్టు మీద కూర్చున్నప్పుడు హనీఫ్ కథ, ఫజల్ మహమూద్ 1952లో లక్నోలో 12 వికెట్లు తీసిన కథ చెబుతుంటాను.

దోస్తుకూ నాకూ ఇప్పుడు పేచీ కీపర్ దగ్గరే. వాడు వసీం బారీ అంటాడు. "పరుగులు కొట్టేటోళ్లు మస్తున్నరు. కుంబ్లే బంతికి, వకార్ స్వింగుకు ఎనక నిలవడేటోడు గావాలె. పనులు ముందు రాయమన్నది మీ ఖాన్ సాబే గదా?" అని నా మాటే నాకు అప్పజెబుతాడు. ధోనీ 4,876 టెస్టు పరుగులు నేను చూపిస్తాను. వాడు ఒప్పుకోడు.