కుంపటి, గ్రిల్లు, పొగ అలారం

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను యానాది పిల్లోడిని. ఊరు శ్రీకాళహస్తి పక్కన. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం, ఉండేది హాస్టల్లో. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటోడిని నేనే. రాయబోయేది పొగ వస్తే అరిచే అలారం గురించి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తే అరిచే అలారం గురించి. "అవన్నీ అపార్టుమెంటోళ్ళకు రా, మనకెందుకు" అని మా రూములోనే ఒకడన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తాండా.

నిజానికి పొగ ఏం చేస్తుందో మన వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మా తాత ఎలకలకు ఊదర పెట్టడంలో పేరున్నోడు. వరి చేలల్లో ఎలకలు పడితే రైతులు ఇంటికొచ్చి పిలిచేవాళ్ళు. కుండలో ఎండుగడ్డి కూరి, నిప్పేసి, కుండ మూతి బొక్కకు ఆనించి, కుండకు పెట్టిన చిన్న కంతలోంచి ఊదేవాడు. అంతకుముందే గట్టు చుట్టూ తిరిగి మిగతా బొక్కలన్నీ మట్టితో మూసేవాడు, ఒక్కటి తప్ప. 1909లో ఎడ్గార్ థర్స్టన్ అచ్చేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో కూడా యానాదుల ఊదర గురించి ఉంది. మన గురించి వాళ్ళు రాసిన వాటిలో నాకు కోపం రాని కొన్ని పేజీల్లో అదొకటి.

ఊదరలో మంట ఎలకను తాకదు. పొగే దాన్ని పడేస్తుంది. మనుషులకూ అంతే. 2022 సెప్టెంబర్ 25 తెల్లవారుజామున మన రేణిగుంటలో ఒక డాక్టరు ఇంట్లో మంటలు లేచాయి. కింద ఆసుపత్రి, పైన కాపురం. డాక్టరు, ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. పిల్లలు పొగకు ఊపిరాడకనే పోయారని పేపర్లో వచ్చింది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పోయారు. అందరూ మన వయసుకు అటూ ఇటూ వాళ్ళే, ఎక్కువమంది వరంగల్ వైపు నుంచి పని కోసం వచ్చినోళ్ళు. అక్కడా ప్రాణం తీసింది పొగే. మేలుకుని ఉన్నోళ్ళకే అట్లయితే నిద్రలో ఉన్నోళ్ళ సంగతి చెప్పేదేముంది. పొగ వాసనకు మెలకువ వస్తుందిలే అనుకుంటాం గానీ, నిద్రలో ముక్కు సరిగా పని చేయదు. చెవి పని చేస్తుంది. అలారం అవసరం అందుకే.

ఇప్పుడు మా హాస్టల్. రాత్రి తొమ్మిదిన్నరకు మెట్ల దగ్గర గ్రిల్లుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ జేబులో, వాచ్‌మన్ గేటు దగ్గర. పై అంతస్తులో 38 మందిమి. ఒక్కో ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి ఆరేడు చార్జర్లు, చలికాలం బకెట్లో హీటర్ రాడ్డు. కిటికీలకు ఇనుప చువ్వలు. బొక్కలన్నీ మూసేశాక తాత కనీసం ఒక్కటైనా వదిలేవాడు.

నలుగురం పోయి వార్డెన్ సార్‌ను అడిగినాం. "తాళం తీసి పెడితే మీరు రాత్రి సెకండ్ షోకి పోతారు, మీ అమ్మానాయన నన్నడుగుతారు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధమేం లేదు, పోయేవాళ్ళున్నారు. వారం రోజులు తిరిగి తిరిగి చివరికి ఒప్పించింది ఏందంటే, రెండో తాళంచెవిని గ్రిల్లుకు లోపలి పక్క అద్దం పెట్టెలో పెట్టడం. అద్దం పగిలితే పొద్దున అందరికీ తెలుస్తుంది కాబట్టి సినిమాకు ఎవుడూ పగలగొట్టడు. ఇది ముందు అయ్యేదాకా అలారం కొనొద్దని నేనే పట్టుబట్టినా. తలుపు తెరుచుకోకుంటే అలారం మోగి ఏం లాభం, చావు ముందే తెలుస్తుంది అంతే.

తర్వాత తలా 25 రూపాయలు వేసుకుని 950తో గాంధీ రోడ్డుకు పోయినాం. షాపాయన ప్లగ్గులో పెట్టే తెల్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టి "అన్నిటికీ ఇదే బాబూ" అన్నాడు. తిప్పి చూస్తే అది ఎల్పీజీ లీకు కనిపెట్టేది. ఇక్కడ జాగ్రత్తగా ఉండండి, మూడూ మూడు వేరే సామాన్లు. సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పారుతుంది, అందుకే ఆ డబ్బాను కింద, నేలకు అడుగెత్తులో పెట్టాల. పొగ వేడిగా పైకి పోతుంది, దాని అలారం కప్పుకు పెట్టాల. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలంతే, గదంతా కలిసిపోతుంది, కాబట్టి దాని అలారం పడుకునే చోటుకు దగ్గర్లో ఉంటే చాలు. ఒకటి ఇంకోదాని పని చేయదు.

పొగ అలారంలో రెండు రకాలుంటాయి. మేము కాంతితో పని చేసే రకం, ఫోటోఎలక్ట్రిక్ అని డబ్బా మీద రాసుంటుంది, అది తెప్పించుకున్నాం. లోపల చిన్న వెలుతురు ఉంటుంది, పొగ దూరితే ఆ వెలుతురు చెదిరి సెన్సారు మీద పడి మోగుతుంది. పరుపు, దుప్పటి, వైరు రబ్బరు లాంటివి మంట లేకుండా కమురుకుంటూ పొగ వదిలితే ఇది తొందరగా పట్టుకుంటుంది. హాస్టల్లో జరిగేది ఎక్కువ అదే. డబ్బా మీద ఈఎన్ 14604 లేదా యూఎల్ 217 అని ఉందా చూడండి. తయారైన తేదీ వెనక ఉంటుంది. పదేళ్ళు దాటితే మోగినా సరే మార్చేయాల. ఆ పదేళ్ళు లెక్కబెట్టేది మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ తేదీ నుంచి.

వరండా కప్పుకు, స్విచ్‌బోర్డులున్న పక్క, ఫ్యానుకు దూరంగా బిగించినాం. ఫ్యాను గాలి పొగను దాని దగ్గరికి పోనీయదు. 38 మందికి ఒక్కటి సరిపోదని నాకూ తెలుసు, గదికొకటి ఉండాల. మొదటి వారంలోనే గొడవ. ఒకడు దానికింద దోమల చుట్ట వెలిగించినాడు, అర్ధరాత్రి అందరినీ లేపింది. తెల్లారి చూస్తే బ్యాటరీ లేదు, ఎవుడో పీకి టీవీ రిమోట్లో పెడదామని చూసినాడంట. అది 9 వోల్టుల బ్యాటరీ, రిమోట్లో పట్టదు కూడా, పిచ్చోడు! వంటింట్లో తిరగమాతకు మోగుతుందని ఇళ్ళల్లో కూడా జరిగేది ఇదే. మోగితే పీకేది కాదు, పొయ్యికి దూరంగా జరపాల. ఇప్పుడు నెలకోసారి మెస్ బిల్లు కట్టే రోజున ఒకరు బటన్ నొక్కి చూస్తారు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము, సాలెగూడు దులుపుతారు. పురుగు దూరినా ఊరికే మోగుతుంది. బ్యాటరీ ఏడాదికోసారి. మధ్యలో నిమిషానికోసారి కీచుమంటే బ్యాటరీ అయిపోతాందని అర్థం.

ఇంటి సంగతి వేరే. మా అక్కకు పుష్యమాసంలో కాన్పు. చలి రోజులు. బాలింతకు, బిడ్డకు మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపేయడం మా ఇంట్లో మామూలు. పోయిన నెల ఊరికి పోయినప్పుడు వద్దంటే మా అవ్వ నామీద లేచింది.

"నిన్ను కన్నప్పుడు మీయమ్మకు నెల దినాలు పెట్టినాన్రా కుంపటి. ఏమైనావు నువ్వు? సచ్చినావా?"

"అప్పుడు మనది గుడిసె గదా అవ్వా. కసువు కప్పు, తడిక తలుపు, యాడ చూసినా కంతలే. ఇప్పుడు ఈ కాలనీ ఇంటికి స్లాబు, ఇనప తలుపు, ఒకే కిటికీ. దానికీ మన చిన్నాయన అట్ట కొట్టినాడు."

అవ్వ కాసేపు స్లాబు దిక్కు చూసింది. "పొగ లేని నిప్పేస్తాలే, బాగా కాలిన బొగ్గులు" అనింది.

అసలు భయం అదే. బొగ్గు ఎర్రగా కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పొగ అలారం దీనికి మోగదు. 2020 జనవరిలో నేపాల్లోని దామన్ దగ్గర లాడ్జిలో ఎనిమిది మంది కేరళ టూరిస్టులు, వాళ్ళల్లో నలుగురు పిల్లలు, గ్యాసు హీటరు పెట్టుకుని గది మూసుకుని పడుకుని మళ్ళీ లేవలేదు.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరుగుడు, వాంతులు వచ్చి, జ్వరం లేకుండా, బయటికొస్తే తగ్గితే దాన్ని గాలి, దెయ్యం అనుకోకండి. కరోనా అప్పుడు వేలికి పెట్టిన ఆక్సిమీటరును నమ్ముకోవద్దు. ఈ విషం పట్టిన రక్తాన్ని కూడా అది బాగానే ఉందని చూపిస్తుంది. ముందు అందరూ బయటికి రావాల, తర్వాత 108.

ఈ అలారం కొనాలంటే ఈఎన్ 50291 లేదా యూఎల్ 2034 అని ఉన్నదే చూడండి. ధర నేను చూసినవి రెండు వేల పైనే. సెన్సారు ఆయుష్షు మోడల్‌ను బట్టి ఐదు నుంచి పదేళ్ళు, వెనక రాసుంటుంది. టెస్ట్ బటన్ నొక్కితే తెలిసేది హారన్, సర్క్యూట్ బాగున్నాయని. సెన్సారు ముసలిదైందా లేదా బటన్ చెప్పదు, తేదీనే చెప్పాల. వాయువు తక్కువగా ఉంటే వెంటనే మోగదు. 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు, 400 ఉంటే పావుగంట లోపలే మోగాల. మోగలేదు గదా అని తల నొస్తున్నా పడుకోవద్దు.

మా ఇంటికి ఇది కొనాలా అంటే, నా లెక్కలో ఇప్పుడే కాదు. రెండు వేలుంటే బాలింతకు రెండు మందం దుప్పట్లు, బిడ్డకు ఉన్ని టోపీ, స్వెట్టరు వస్తాయి, కుంపటితో పనే ఉండదు. కిటికీ అట్ట నేనే పీకేసినా. బెంగుళూరు, చెన్నై పోయి రూముల్లో ఉండే మన పిల్లలు మాత్రం కొనాల్సిందే. బాత్రూములో గ్యాసు గీజర్ ఉంటే, దాని గొట్టం గోడ దాటి బయటికి పోయిందా లేదా అడ్వాన్సు ఇచ్చే ముందే చూడండి. గొట్టం లేకపోతే ఆ రూము వద్దు, అద్దె ఎంత తక్కువైనా.

కుంపటి మాట ఇంకా తేలలేదు. ఆరుబయట కాల్చి, గుడ్డ వేడి చేసి లోపలికి తెచ్చి కాపడం పెట్టడానికి అమ్మ ఒప్పుకుంది. అవ్వ ఒప్పుకోలేదు. సంక్రాంతి సెలవులకు పోతాను కదా, చూస్తా. మీ హాస్టళ్ళల్లో రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కింద రాయండి.